గొంతు మాదే, పేరూ మాదే

గొంతుకు మతమేమిటి అని అడుగుతారు మిత్రులు. రేడియోలో మాట వింటున్నప్పుడు మాట్లాడేవాడి మతం ఎవరికి కావాలి, సినిమాలో డైలాగు వింటున్నప్పుడు డబ్బింగు చెప్పినవాడి పేరు ఎవరికి పట్టింది అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. అనేవాళ్ల మనసులో కల్మషమూ ఉండదు. అయినా ఈ మాటకు మేం వెంటనే తలూపలేం. ఫోన్లో మా తెలుగు విని ఇల్లు ఖాళీగానే ఉంది, సాయంత్రం వచ్చి చూసుకోండి అన్నవాళ్లు, పేరు చెప్పగానే ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం అన్న సందర్భాలు మాలో చాలామందికి తెలుసు. అరనిమిషం కిందట గొంతు నచ్చింది. పేరు నచ్చలేదు. గొంతుకు మతం లేకపోవచ్చు, గొంతున్న మనిషికి ఉందని గుర్తుచేసేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉన్నారు.

అందుకే గొంతుతో బతికే వృత్తి గురించి మేం ఆలోచించాలనుకున్నాం. రేడియో అనౌన్సర్లు, వ్యాపార ప్రకటనలు చదివేవాళ్లు, డాక్యుమెంటరీలకు వ్యాఖ్యానం చెప్పేవాళ్లు, సినిమాలకు డబ్బింగు చెప్పేవాళ్లు. వీళ్లందరి బతుకూ ఒక తీరుగా ఉంటుంది. తెర మీద ఇంకొకరి మొహం, కాగితం మీద ఇంకొకరి మాట, నడుమ వీళ్ల గొంతు. డబ్బింగు థియేటర్లో మైకు ముందు నిలబడి తెర మీద పెదాలు కదిలినప్పుడు పలకాలి, ఆగినప్పుడు ఆగాలి. ప, బ, మ లాంటి అక్షరాలు తెర మీద పెదాలు కలిసిన చోటే పడాలి. తమిళ వాక్యం ఎంతసేపు ఉంటే తెలుగు వాక్యమూ అంతసేపే ఉండాలి. ఏడుపు, నవ్వు, దగ్గు, నిట్టూర్పు అన్నీ ఇచ్చుకోవాలి. పొద్దున ముసలివాడి గొంతు, మధ్యాహ్నం పళ్లపొడి ప్రకటన, సాయంత్రం విలన్ నవ్వు. ఎన్ని గొంతులు పలికితే అంత గొప్ప కళాకారుడు. కమల్‌హాసన్‌కు తెలుగులో ఏళ్ల తరబడి గొంతిచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ‘దశావతారం’ (2008) తెలుగులో ఒక్కరే ఏడు పాత్రలకు చెప్పారు. ‘అన్నమయ్య’ (1997)లో సుమన్ వేసిన వేంకటేశ్వరుడికి గొంతు కూడా ఆయనదే. ఒకే కంఠంలోంచి దేవుడూ వచ్చాడు, ముసలమ్మా వచ్చింది.

ఇన్ని గొంతులు పలికే మనిషికి తనదంటూ ఒక గొంతు ఉండాలా? ఉంటే దాన్ని ఎక్కడ దాచుకోవాలి? అందరి గొంతూ అయినవాడు ఎవరికీ కాకుండా పోతాడా? ఇది డబ్బింగు థియేటర్లో పుట్టిన ప్రశ్నలా కనపడుతుంది. కానీ ఈ దేశంలో ముస్లిం ఇంట్లో పుట్టిన ప్రతి మనిషీ జవాబు వెతుక్కోవాల్సిన ప్రశ్న ఇది.

ఈ వృత్తికి మన దేశంలో ఒక రూపం, ఒక గౌరవం తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు అమీన్ సయానీ. 1932 డిసెంబరు 21న బొంబాయిలో పుట్టారు. 2024 ఫిబ్రవరి 20న అదే నగరంలో కన్నుమూశారు. రేడియో కార్యక్రమాలు 54 వేలకు పైగా, ప్రకటనలు 19 వేల దాకా ఆయన ఖాతాలో లెక్కిస్తారు. పాటల కార్యక్రమాలు, పిల్లల క్విజ్, తలనొప్పి మాత్రల ప్రకటనలు, సినిమా తారలతో ముచ్చట్లు, హెచ్‌ఐవీ బాధితుల నిజ జీవితాల మీద నాటికలు అన్నీ చేశారు. కొన్ని సినిమాల్లో అనౌన్సర్‌గానే కనిపించారు. 2009లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంత మనిషి మొదట్లో హిందీ గొంతు పరీక్షలో తప్పారు. ఆయనది గుజరాతీ కుటుంబం. అన్న హమీద్ సయానీ ఇంగ్లీషు ప్రసారకులు. చిన్నప్పుడే అన్న వేలు పట్టుకుని ఆకాశవాణి ఇంగ్లీషు కార్యక్రమాల్లో గొంతు కలిపారు అమీన్. హిందీ వైపు వెళ్లబోతే ఉచ్చారణలో గుజరాతీ వాసన, ఇంగ్లీషు వాసన ఉన్నాయని తిప్పి పంపారు. ఏ గొంతును రేపు దేశమంతా అనుకరించబోతుందో ఆ గొంతు ఆనాటి కొలతకు తక్కువైంది. శుద్ధమైన ఉచ్చారణ అంటే ఏమిటో ఒక గదిలో కూర్చున్న నలుగురు నిర్ణయిస్తారని, బయట ఉన్న కోట్లమంది చెవులు వేరే తీర్పు ఇవ్వగలవని ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఆయనకు ఆ భాష ఎక్కడ అబ్బింది? ఇంట్లోనే. తల్లి కుల్సుం సయానీ వయోజన విద్య కోసం పనిచేసిన మనిషి. గాంధీజీ ప్రోత్సాహంతో 1940లో ‘రహ్‌బర్’ అనే పక్షపత్రిక మొదలుపెట్టి 1960 దాకా నడిపారు. కొత్తగా చదవడం నేర్చుకున్నవాళ్ల కోసం ఆ పత్రిక. భాష ఒకటే, తేలికైన హిందుస్తానీ. లిపులు మాత్రం మూడు: నాగరి, ఉర్దూ, గుజరాతీ. కొడుకు ఆ పత్రిక పనిలో తల్లికి సాయపడ్డాడు. ఒక వాక్యాన్ని మూడు లిపుల వాళ్లకు అర్థమయ్యేటట్టు ఎలా చెప్పాలో అక్కడ నేర్చుకున్నాడు. అప్పుడే చదువు నేర్చిన కూలీకి అర్థం కాని మాట ఎంత అందంగా ఉన్నా కొట్టేయాలి. ఇదీ ఆ ఇంటి వ్యాకరణం.

ఆ రోజుల్లో భాష మీద పెద్ద పెనుగులాట నడుస్తోంది. దేశం చీలింది. హిందీని సంస్కృతం వైపు, ఉర్దూను ఫారసీ వైపు లాగేవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. నడుమ బజారులో అందరూ మాట్లాడే హిందుస్తానీ దిక్కులేనిదైంది. 1952లో సమాచార, ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టలేదు. ఆకాశవాణిలో అవి దాదాపు మూగబోయాయి. జనం రేడియో ముల్లు సిలోను వైపు తిప్పారు. ఆ ఏడు డిసెంబరు 3న రేడియో సిలోనులో ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు కొలంబోకు వెళ్లేవి, అక్కడినుంచి గాలిలో తిరిగి మన ఊళ్లకు వచ్చేవి. సొంత దేశపు పాట, సొంత దేశపు గొంతు పరాయి దేశం చుట్టు తిరిగి ఇంటికి రావాల్సి వచ్చింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టాకగానీ ఆకాశవాణి దిగిరాలేదు. గీత్‌మాలా చివరికి 1989లో వివిధ భారతికి వచ్చి 1994 దాకా నడిచింది.

తెలుగువాళ్లకు రేడియో సిలోను కొత్త కాదు. మీనాక్షి పొన్నుదురై గొంతులో అక్కడినుంచి తెలుగు పాటలూ వచ్చేవి. ఆ పేరు చెబితే ఇప్పటికీ కళ్లు మెరిసే పెద్దవాళ్లున్నారు. హిందీ ముక్క రాకపోయినా బుధవారం రాత్రి 8 గంటలకు గీత్‌మాలా పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. ‘బహెనో ఔర్ భాయియో’ అని మొదలుపెట్టేవారు సయానీ. అప్పటిదాకా వేదికల మీద అన్నదమ్ములు ముందు, అక్కచెల్లెళ్లు వెనక. ఆయన వరస మార్చారు. వంటింట్లో పని చేసుకుంటూ వినే ఆడవాళ్లను ముందు పలకరించారు. చివర్న తన పేరు చెప్పేవారు, మీ దోస్తు అమీన్ సయానీ అని. ఆ పేరు ఎక్కడా మింగలేదు, పొట్టి చేయలేదు, మార్చలేదు. దేశవిభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో వారం వారం కోట్ల ఇళ్లలోకి ఒక ముస్లిం పేరు చుట్టంలా వచ్చి కూర్చుని వెళ్లేది.

ఆయన పోయినప్పుడు ఎందరో మంచి మాటలు చెప్పారు. అందులో ఒక మాట మమ్మల్ని ఆపింది. ఆయన ముస్లిం అని మాకెప్పుడూ అనిపించనే లేదు అన్నారు కొందరు లౌకికవాద మిత్రులు. ప్రేమతోనే అన్నారు. కానీ మిత్రులారా, ఒక్క నిమిషం ఆగండి. బాలసుబ్రహ్మణ్యం పోయినప్పుడు ఆయన హిందువని మాకెప్పుడూ అనిపించలేదు అని ఎవరన్నా అన్నారా? అనాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. మెచ్చుకోవడానికి మతం మరిచిపోవాల్సి రావడం మా ఒక్కరి విషయంలోనే ఎందుకు జరుగుతోంది? అనిపించకపోవడం మంచి లక్షణమైతే అనిపించేవాడి సంగతేమిటి? టోపీ పెట్టుకున్నవాడు, బురఖా వేసుకున్న ఆమె, మాటల మధ్య ఇన్షా అల్లా అనేవాడు, తెలుగు తడబడేవాడు, వీళ్లు తక్కువ మనుషులా? మీ మెప్పు మాలో ఒకరిని ఎత్తుతూ తక్కినవాళ్లను గుమ్మం అవతల నిలబెడుతోంది.

మా సినిమాల్లో సాయిబు గొంతు ఒకటుంది. తెలుగు ప్రేక్షకులకు వర్ణించి చెప్పక్కర్లేదు. నాకీ, నీకీ అంటాడు. వాడు పోయింది, ఆమె వచ్చాడు అంటాడు. ఆ గొంతు రాగానే హాల్లో నవ్వు. దాని వెనక ఒక నిజం లేకపోలేదు. ఉర్దూలో ప్రతి వస్తువూ ఆడో మగో అవుతుంది. తెలుగులో లెక్క వేరు, ఏకవచనంలో ఆడమనిషికీ గొడ్డుకీ ఒకే క్రియ. ఒక భాష లెక్కలో పెరిగిన నాలుక ఇంకో భాష లెక్కలో తడబడుతుంది. తెలుగువాడు హిందీ మాట్లాడితే ఆ తడబాటు ఎదురు దిశలో జరుగుతుంది. తడబాటులో తప్పు లేదు. తడబడేవాడికి తెర మీద అదొక్కటే పని ఇవ్వడంలో తప్పుంది. తెలంగాణ మాట ఇన్నాళ్లు విలన్లకూ హాస్యగాళ్లకూ కేటాయించినప్పుడు తెలంగాణ మిత్రులకు కలిగిన నొప్పి ఇదే. దళితుల యాసతో నవ్వించినప్పుడు వాళ్లకు కలిగిన నొప్పీ ఇదే. పైగా కృష్ణా, గుంటూరు, నెల్లూరు పల్లెల్లో తరాలుగా తెలుగు తప్ప ఇంకో భాష రాని ముస్లింలు లక్షలమంది ఉన్నారు. వాళ్ల తెలుగు పక్కింటివాళ్ల తెలుగే. ఆ గొంతు ఏ సినిమాలోనూ సాయిబు గొంతుగా వినపడదు. అది వినపడితే నవ్వు రాదు కదా! మీరు ముస్లింలా, తెలుగు భలే మాట్లాడుతున్నారే అని మమ్మల్ని మెచ్చుకునే పెద్దమనుషులకు ఆ తెర మీది గొంతే ప్రమాణం.

మరి ఆ గొంతు పలికే డబ్బింగు కళాకారుడి బాధ్యత ఏమిటి? రాసింది ఒకరు, తీసింది ఒకరు, నాదేముంది, కూలి తీసుకుని చెప్పాను అంటాడు. ఆ మాటలో కొంత నిజముంది. రోజు కూలీ మీద నైతిక భారమంతా వేసి, లాభం తీసుకున్నవాళ్లను వదిలేయడం న్యాయం కాదు. నవ్వించినవాడు మావాడే కావచ్చు కూడా. ‘గుమ్‌నామ్’ (1965)లో మహమూద్ హైదరాబాదీ దక్కనీ మాట్లాడి దేశాన్ని నవ్వించాడు. మేమూ నవ్వాం. తర్వాత ఉత్తరాదిలో మావాళ్లు నోరు తెరిస్తే చాలు ఆ సినిమా మాటలే తిరిగి మా మీదకు విసిరారు. మహమూద్‌ను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నవ్వించే గొంతు ఒక్కటే ఉన్నప్పుడు అది మొత్తం జాతి గొంతయి కూర్చుంటుంది అని చెబుతున్నాం. ఏడ్చే సాయిబు, కోపగించుకునే సాయిబు, కూతురి ఫీజు కట్టలేక ఆలోచనలో పడ్డ సాయిబు, ఇంతమంది తెర మీద ఉంటే వాళ్ల నడుమ నవ్వించే సాయిబు కూడా ఒకడు ఉండొచ్చు. అప్పుడు మాకూ హాయిగా నవ్వొస్తుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. అవతలివాళ్లను అడిగి మమ్మల్ని మేం అడగకపోతే అది నిజాయితీ కాదు. ఉర్దూ రానివాడు ముస్లిమేనా అని అడిగేవాళ్లు మాలో ఉన్నారు. దూదేకుల, పింజారి, నూర్‌బాషా అని పిలిచే తెలుగు ముస్లింలను పెళ్లిళ్లలో ఒక మెట్టు కింద కూర్చోబెట్టేవాళ్లు ఉన్నారు. లక్నో ఉర్దూ వాళ్లకు మా దక్కనీ నవ్వులాట, మా దక్కనీ వాళ్లకు పింజారి తెలుగు నవ్వులాట. గొంతు పరీక్షలు ఆకాశవాణిలోనే జరగలేదు, మా మసీదు మెట్ల మీద కూడా జరిగాయి.

అలాంటి చోటునుంచే వచ్చాడు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, బుర్రకథను ఆకాశమంత ఎత్తుకు తీసుకెళ్లి, 1997లో వెళ్లిపోయిన మనిషి. మైకులూ డబ్బింగు థియేటర్లూ లేకుండానే ఎన్నో గొంతులు పలికిన కళాకారుడు. పల్నాటి యుద్ధం చెబుతుంటే రాజు గొంతు, తల్లి గొంతు, బంటు గొంతు ఆ ఒక్క కంఠంలోంచే వచ్చేవి. కథంతా హిందూ రాజులది. చెప్పేది దూదేకుల సాయిబు. వినేది ఊరంతా. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. ఏ మాటతో కించపరిచారో ఆ మాటనే అట్ట మీద వేశారు. ఇన్ని గొంతులు పలికినవాడికి సొంత గొంతు ఉంటుందా అన్న ప్రశ్నకు ఆ అట్ట ఒక జవాబు.

ఇంకో జవాబు సత్తెనపల్లిలో పుట్టిన నాగూర్‌బాబుది. గాయకుడు, నటుడు, డబ్బింగు కళాకారుడు. ఇళయరాజా ఆయనకు ‘మనో’ అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే దక్షిణాది అంతా తెలిశారు. ‘ముత్తు’ (1995) మొదలు రజనీకాంత్ తెలుగులో మాట్లాడితే వినపడేది చాలాసార్లు ఈయన గొంతే. బెంగళూరులో పెరిగిన మరాఠీ కుటుంబపు తమిళ నటుడికి సత్తెనపల్లి సాయిబు గొంతు. ఈలలు వేసిన అభిమానులకు ఈ సంగతి తెలిస్తే బాధపడతారని మేం అనుకోం. తెలిసి ఇంకా సంతోషించేవాళ్లే ఎక్కువ ఉంటారు. సినిమాల్లో పేరు మార్చుకోవడం మా ఒక్కరి కథ కాదు, అన్ని మతాల వాళ్లూ మార్చుకున్నారు. కానీ యూసుఫ్‌ఖాన్ దిలీప్‌కుమార్, ముంతాజ్ జహాన్ మధుబాల, మెహజబీన్ మీనాకుమారి అయిన దారి ఎప్పుడూ ఒకవైపే ఎందుకు సాగిందో మాత్రం ఆలోచించాలి. తెరకెక్కాలంటే పేరు ఈవైపునుంచి ఆవైపుకే దాటాల్సి వచ్చింది. అటునుంచి ఇటు దాటినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దీన్ని తిరగేసిన కథ ఒకటి ఉంది. 1988నుంచి 1990 దాకా దూరదర్శన్‌లో ఆదివారాలు వీధులు ఖాళీ చేసిన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో కాలం మాట్లాడుతుంది. ఆ గొంతు హరీష్ భీమానీది. ఆ మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. మహాభారతానికి ముస్లిం మాటలు రాయడమేమిటని అప్పుడు అభ్యంతరాలు లేచాయి. రజా రాశారు, భీమానీ పలికారు, దేశం చేతులు కట్టుకుని వింది. ముస్లిం రాసిన మాట హిందువు గొంతులో కాలమై పలికినప్పుడు ఆ మాట ఎవరిది, ఆ గొంతు ఎవరిది? ఇద్దరి పేర్లూ టైటిల్స్‌లో ఉన్నాయి. అందుకే ఆ ప్రశ్న మాకు గాయం కాలేదు, గర్వమైంది.

ఇదే సంగతి మా చరిత్రలో ఇంకా ముందే ఉంది. మదీనాలో నమాజుకు జనాన్ని ఎలా పిలవాలన్న ఆలోచన వచ్చినప్పుడు అజాన్ మాటలు అబ్దుల్లా బిన్ జైద్‌కు కలలో వినిపించాయని హదీసు చెబుతుంది. ప్రవక్త ఆ మాటలను బిలాల్‌కు నేర్పమన్నారు, నీకంటే అతని గొంతు బాగుంటుంది అని. కల ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఆ గొంతు నిన్నటిదాకా బానిసగా ఉన్న నల్లజాతి మనిషిది. బిలాల్‌కు ఒక అరబ్బీ అక్షరం సరిగ్గా పలికేది కాదని మా ఇళ్లలో ఒక కథ చెబుతారు. దానికి ఆధారం లేదని హదీసు పండితులు అంటారు. మౌలానా రూమీ తన మస్నవీలో అలాంటి కథనే చెప్పాడు. ఆధారం లేని కథను ఇన్ని దేశాల్లో, ఇన్ని వందల ఏళ్లుగా జనం ఎందుకు ముద్దుగా చెప్పుకుంటున్నారు? ఉచ్చారణ సరిలేనివాళ్లే ప్రపంచంలో ఎక్కువ. తమ నాలుక తడబాటును అల్లా తోసిపుచ్చడన్న భరోసా వాళ్లకు కావాలి. యాస విని మనిషిని కొలిచే ప్రతి గదికీ ఆ కథ ఒక జవాబు.

ఇంతకీ గొంతు మార్చడం తప్పా? కాదు. అమీన్ సయానీ తన గుజరాతీ నాలుకను హిందుస్తానీకి వంచారు. నాజర్ తన గొంతును బ్రహ్మనాయుడికి, బాలచంద్రుడికి ఇచ్చాడు. మేం కూడా రోజూ అదే పని చేస్తున్నాం. ఇంట్లో అమ్మీతో దక్కనీ, వీధిలో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, మసీదులో అరబ్బీ. నాలుగు గొంతులు పలకడం మా సంపద. మా పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి.

కానీ ఆ మార్పు ఎందుకు జరుగుతోందన్నది చూడాలి. వినేవాడి మీద ప్రేమతో గొంతు మార్చడం ఒకటి, వినేవాడి మీద భయంతో మార్చడం ఇంకొకటి. చదువు రాని కూలీకి అర్థం కావాలని మాట తేలిక చేసుకోవడం ప్రేమ. రైల్లో ఫోన్ మోగితే సలాము మింగి హలో అనడం భయం. పాత్ర కోసం పేరు మరిచిపోవడం కళ. ఇల్లు దొరకడం కోసం పేరు మరిచిపోవడం శిక్ష. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ మనిషి తన గొంతు పక్కన పెట్టి ఇంకో గొంతు పలుకుతున్నాడు. తేడా తెలుసుకోవడానికి మాకు ఒక్కటే పరీక్ష తోస్తోంది. పని అయ్యాక ఆ మనిషి తన గొంతులో తన పేరు చెప్పుకోగలడా? చెప్పుకుంటే వినేవాళ్ల మొహం మారకుండా ఉంటుందా? సయానీకి ఆ వీలు దక్కింది. ఆ వీలు అందరికీ దక్కినప్పుడే గొంతుకు మతం లేదన్న మాట నిజమవుతుంది. అప్పటిదాకా అది సగం నిజం.

ఇప్పుడు ఈ వృత్తి మీదకు ఇంకో గండం వచ్చింది. మనిషి లేకుండానే గొంతును తీసుకోవచ్చు. కొద్దిసేపటి రికార్డింగు ఇస్తే చాలు, ఆ మనిషి ఎన్నడూ అనని మాటలు ఆ మనిషి గొంతులోనే యంత్రం పలుకుతుంది. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా ఇలా సృష్టించి వాడారని ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు ఇచ్చారు. అదే ఏడాది ‘లాల్ సలామ్’ పాటకు ఎ.ఆర్. రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు, బంబా బక్యాది, షాహుల్ హమీద్‌ది. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. 2024 జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును యంత్రాలతో నకలు చేయకూడదని బొంబాయి హైకోర్టు ఆదేశించింది. గొంతు మనిషికి చెందిన ఆస్తి అని, అడగకుండా తీసుకోకూడదని, అడిగితే పేరూ డబ్బూ ఇవ్వాలని అందరూ ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. సంతోషం. మేం చాలాకాలంగా అడుగుతున్నదీ ఇదే. మా గొంతు తీసుకుని, మా పేరు వదిలేసి, మాకు ఇష్టం లేని మాటలు మా నోట పెట్టడం యంత్రం రాకముందునుంచే నడుస్తోంది. తెర మీది సాయిబు గొంతు చేసిన పని అదే. మా తరఫున అన్నట్టు టీవీ చర్చల్లో అరిచేవాళ్లు చేస్తున్న పనీ అదే. గొంతు ఒక అమానతు. ఇంకొకరి గొంతు మన దగ్గర ఉంటే దాన్ని అప్పగించిన మనిషికి జవాబుదారీగా వాడాలి. డబ్బింగు కళాకారుడికైనా, రచయితకైనా, నాయకుడికైనా ఇదే లెక్క.

తెలుగులో మాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. మేం అని ఒక మాట, మనం అని ఇంకో మాట. ఎదుటివాణ్ని బయట ఉంచితే మేం, కలుపుకుంటే మనం. పుస్తకాల ఉర్దూలో రెండింటికీ హమ్ ఒక్కటే. హైదరాబాదు దక్కనీలో మాత్రం అపన్ అని ఒక మాట ఉంది, అది తెలుగు మనంలా ఎదుటివాణ్ని కూడా కలుపుకుంటుంది. ఇరుగుపొరుగు భాషల మధ్య బతుకుతూ దక్కనీ ఆ మాటను దక్కించుకుంది. ఈ వ్యాసం మొదటినుంచీ మేం మేం అంటూనే ఉన్నాం. వేరుపడాలని కాదు. మా పేరు చెప్పకుండా, మా నొప్పి చెప్పకుండా, నేరుగా మనంలోకి దూకితే అక్కడ మా గొంతు వినపడదు, ఇంకెవరో మాకు డబ్బింగు చెబుతారు. ముందు మేం అననివ్వండి. పేరు పూర్తిగా చెప్పనివ్వండి. షేక్ అని, సయ్యద్ అని, పఠాన్ అని, దూదేకుల అని, యాస దిద్దుకోకుండా చెప్పనివ్వండి. విన్నాక మీ మొహం మారకపోతే, అక్కడినుంచి అపన్ అని మేం అంటాం, మనం అని మీరు అనండి.